పాపకి పాల దవడపన్ను తీసేశారు, స్పేస్ మెయింటెయినర్ వేయించాలా?

నమస్కారమండీ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా పాపకి ఏడేళ్లు. కింద కుడివైపు పాల దవడపన్ను పుచ్చి చీము పడితే, పోయిన వారం అమలాపురం తీసుకెళ్లి తీయించేశాం. ఎక్స్‌రేలో కొత్త పన్ను ఎముక లోపల చిన్న మొగ్గలా కనిపించింది. అది పైకి రావడానికి 10–12 ఏళ్లు నిండాలట. ఈలోగా ఆరేళ్లకి వచ్చిన పెద్ద దవడపన్ను ముందుకి ఒరిగి ఆ చోటు మూసేస్తుందని, స్పేస్ మెయింటెయినర్ వేయించమన్నారు డాక్టరుగారు. నమూనా చూపించారు: పక్క పన్నుకి ఉంగరంలా తొడిగే స్టీలు పట్టీ, దాన్నుంచి ఖాళీ మీదుగా వంచిన తీగ. అచ్చం జడపిన్నులా ఉంది.

మా అత్తయ్యగారేమో "ఎలాగూ ఊడే పళ్లకి డబ్బు తగలేయడమేంటే" అంటున్నారు. నాకు డాక్టరుగారి మాటే సబబనిపిస్తోంది. నా టెన్షన్ వేరు. మా పిల్ల మామిడి తాండ్ర, జీళ్లు కనిపిస్తే ఆగదు. వాటికి అంటుకుని పట్టీ ఊడొచ్చేస్తుందా? నిద్రలో ఊడితే మింగేస్తుందేమో? తేగలు కొరకనివ్వచ్చా?

మీ పిల్లలకి వేయించి ఉంటే కాస్త చెప్పండి. అలవాటు పడ్డానికి ఎన్నాళ్లు పట్టింది? ఎన్ని నెలలకోసారి చూపిస్తున్నారు? తాండ్ర చుట్టని బియ్యం డబ్బాలో దాచాను, నిన్ననే కనిపెట్టేసింది.