ఆమ్‌స్టర్‌డామ్‌లో జపాన్ వాళ్ళు మాలర్ వాయించడం: తాతకు దగ్గులు నేర్పడమా?

కాలవగట్టు:
చాలా రోజులుగా బుర్రలో తిరుగుతున్న సంగతి, ఇక్కడైతే తిట్టేవాళ్ళయినా ఉంటారని పెడుతున్నా. 2025 మేలో మా ఊళ్ళో, అంటే ఆమ్‌స్టర్‌డామ్‌లో, ఆస్ట్రియా స్వరకర్త మాలర్ పేరిట మాలర్ ఫెస్టివల్ జరిగింది. కాన్సెర్ట్‌హెబౌ హాల్లో ఆయన సింఫనీలన్నీ (పెద్ద వాద్యబృందం, అంటే ఆర్కెస్ట్రా కోసం రాసిన కృతులు) వరసగా వాయించారు. 11న మూడోది, 12న నాలుగోది వాయించింది టోక్యో నుంచి వచ్చిన ఎన్‌హెచ్‌కే సింఫనీ ఆర్కెస్ట్రా. ఆ బృందాన్ని నడిపించిన కండక్టర్ ఫాబియో లుయిసి. నేను మూడోదానికి వెళ్ళాను.

బాగా వాయించారు, అందులో పేచీ లేదు. నా ప్రశ్న వేరు. 1888లో తెరిచిన హాలు అది. 1903లో మాలర్ స్వయంగా వచ్చి ఇదే మూడో సింఫనీని అక్కడ నడిపించాడు. మరుసటి ఏడాది వచ్చి నాలుగోదాన్ని ఒకే సాయంత్రం రెండుసార్లు వినిపించాడు. ఆ ఊరి ఆర్కెస్ట్రాకి అది ఇంటి వంట. అలాంటి చోటికి తొమ్మిది వేల కిలోమీటర్ల నుంచి అంతమంది డబుల్ బేస్‌లూ డోళ్ళూ మోసుకొచ్చి, ఆ మాలర్నే వినిపించడం దేనికి? వాళ్ళకి తాకెమిత్సు లాంటి స్వరకర్త ఉన్నాడు. ఆయన్ని వినిపిస్తే మాకూ కొత్తగా ఉండేది కదా!

సామర్లకోట ప్యాసింజర్:
మాలర్ ఫెస్టివల్‌కి పిలిస్తే తాకెమిత్సు వాయించమంటారేంటండీ? తిరువయ్యారులో ఆరాధనకి వచ్చి జావళీలు అందుకున్నట్టుంటుంది.

కాలవగట్టు:
హహ, ఆ మాట ఒప్పుకుంటున్నా. కానీ ఈ ఒక్క పండగ సంగతే కాదు నేనంటున్నది. ఆసియా ఆర్కెస్ట్రా యూరప్‌కి ఎప్పుడొచ్చినా పరీక్ష రాయడానికి వచ్చినట్టు ఉంటుంది. మా పాఠం మాకే అప్పజెప్పి, మార్కులు వేయించుకుని వెళ్ళినట్టు.

మూడో బెల్లు:
"మా పాఠం" అంటున్నారు, మీరెప్పుడు డచ్చి వాళ్ళయ్యారు గురువుగారూ? 😀

వియన్నా ఫిల్‌హార్మోనిక్ దాదాపు ఏటా టోక్యో వెళ్ళి సన్‌టోరీ హాల్లో వాయిస్తుంది. వాళ్ళని "మీ బీథోవెన్ ఇక్కడెందుకు, గగకు (జపాన్ ఆస్థాన సంగీతం) వినిపించండి" అని ఎవరైనా అంటారా? అటు వెళ్తే సంస్కృతి, ఇటు వస్తే పరీక్షానా?

పాత రికార్డుల పిచ్చోడు:
కాలవగట్టు గారూ, ఒక చిన్న ప్రశ్న. మాలర్ నాలుగో సింఫనీని ప్రపంచంలో మొట్టమొదట రికార్డు చేసింది ఎవరు? వియన్నా కాదు, ఆమ్‌స్టర్‌డామ్ కాదు, బెర్లిన్ కూడా కాదు. 1930లో టోక్యోలో, హిదెమారో కొనోయె అనే కండక్టర్. వాయించింది న్యూ సింఫనీ ఆర్కెస్ట్రా. 1926లో మొదలైన ఆ ఆర్కెస్ట్రాయే తర్వాత పేరు మారి మీరు విన్న ఎన్‌హెచ్‌కే అయింది.

మాలర్‌కి స్నేహితుడు, కాన్సెర్ట్‌హెబౌ ఆర్కెస్ట్రాని దాదాపు యాభై ఏళ్ళు నడిపిన మెంగెల్‌బెర్గ్ చేతిలో ఈ నాలుగోది వినాలంటే మనకి దొరికేది 1939 నాటి కచేరీ. టోక్యో వాళ్ళది అంతకు తొమ్మిదేళ్ళు ముందు! ఇంకో సంగతి. మాలర్ యూదుడని నాజీలు ఆయన సంగీతాన్ని నిషేధించారు. నెదర్లాండ్స్‌ని ఆక్రమించాక ఆ హాల్లోనూ అది ఆగిపోయింది. బాల్కనీ అంచున చెక్కి ఉన్న ఆయన పేరుని కూడా కప్పేశారు. మీ "ఇంటి వంట" కొన్నేళ్ళు ఇంట్లోనే వండనివ్వలేదన్నమాట. తాత ఎవరు, దగ్గు ఎవరు నేర్పారు అన్నది ఇప్పుడు చెప్పండి.

(ఆ 1930 రికార్డింగ్‌లో గరగర ఎక్కువ, వాయిద్యాలు అక్కడక్కడా తడబడతాయి. అయినా మొదట్లో వచ్చే ఆ గజ్జెల చప్పుడు వింటే నాకెందుకో ఒళ్ళు జలదరిస్తుంది.)

వయొలిన్ మాస్టారి కూతురు:
మా నాన్నగారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు చెప్పి కళ్ళు మూసుకునేవారు. ఆ వయొలిన్ ఎక్కడిది? దాన్ని ఒళ్ళో పెట్టుకుని, శ్రుతి మార్చుకుని మనది చేసేసుకున్నాం. ఇప్పుడు వయొలిన్ లేని కర్ణాటక కచేరీ ఊహించలేం. కాబట్టి వాయిద్యం విషయంలో "మీది, మాది" అంటే నాకు నవ్వొస్తుంది.

కానీ కాలవగట్టు గారిని పూర్తిగా తీసిపారేయను. త్యాగరాజస్వామి కీర్తన అరవం వాళ్ళు పాడుతుంటే రాగం అద్భుతంగా ఉంటుంది, మధ్యలో మాట ఎక్కడో విరుగుతుంది, మనకి పంటి కింద రాయి పడుతుంది. ఆ బాధ నిజమే కదా? మాలర్ మూడోదాంట్లోనూ నాలుగోదాంట్లోనూ జర్మన్ పాట ఉంది. అయితే పాడేవాళ్ళు విడిగా వస్తారు. మిగతా వంద మంది చేతిలో ఉన్నది మాట కాదు, స్వరం. స్వరానికి యాస ఉంటుందా? నాకు తెలిసి ఉంటుంది, కానీ అది దేశాన్ని బట్టి కాదు, గురువుని బట్టి వస్తుంది.

తెలంగాణ తమ్ముడు:
నాకు ఈ సంగీతం కొత్త, తప్పయితే తిట్టకండి. ఇదే మాలర్ చైనా కవి లీ బాయి పద్యాల జర్మన్ సేతకి పెద్ద సంగీతం కట్టిండట కదా. ఆయన తీసుకుంటే ప్రేరణ, వీళ్ళు వాయిస్తే అప్పజెప్పుడా?

మూడో బెల్లు:
తమ్ముడు ఒక్క దెబ్బకి తేల్చేశాడు.

కాలవగట్టు:
అందరూ ఒక్కసారే మీద పడ్డారు. సరే, నిజం చెప్తా.

మూడో సింఫనీని ఎనిమిది హార్న్‌లు (ఇత్తడి బూరలు) ఒకే గొంతుతో మొదలుపెడతాయి. మొదటి భాగమే అరగంట దాటుతుంది. మధ్యలో ట్రాంబోన్ ఒంటరిగా చాలాసేపు మాట్లాడుతుంది. మూడో భాగంలో ఎక్కడో కనిపించని చోటు నుంచి పోస్ట్‌హార్న్ (పాతకాలపు టపా బండి బూర) వినిపిస్తుంది, పొలం అవతల ఎవరో పాడుకుంటున్నట్టు. ఇంటికొచ్చాక డైరీలో నేను రాసుకున్న మాట ఏంటో తెలుసా? "క్రమశిక్షణ." ఆ ఒక్కటే! ఆ పోస్ట్‌హార్న్ వినిపించినప్పుడు నా పక్కన కూర్చున్న పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు, నేను మాత్రం వేదిక మీద మొహాలు చూస్తూ క్రమశిక్షణ అనుకున్నాను. జర్మన్ ఆర్కెస్ట్రా అదే వాయించి ఉంటే ఆ మాట రాసేవాణ్ణి కాదు.

అయినా ఒక పట్టు వదలను. ఆ హాలు బాల్కనీ మీద స్వరకర్తల పేర్లు వరసగా చెక్కి ఉంటాయి. ఒక్క ఆసియా పేరు లేదు. వాయించేవాళ్ళు ఆసియా నుంచి రావచ్చు, రాసినవాళ్ళు రాకూడదా? 1967లో న్యూయార్క్‌లో జపాన్ వాడైన ఒజావా కండక్టర్‌గా తాకెమిత్సు కృతిని బీవా (జపాన్ తంత్రీ వాద్యం), షాకుహాచీ (వెదురు వేణువు)లతో కలిపి మొదటిసారి వినిపించారు. అప్పుడు చెవులు అప్పగించిన జనం ఇప్పుడెందుకు వినరు? పండక్కి కాకపోతే ఇంకో రోజుకి పిలవాలి. నేను అడిగేది హాలు వాళ్ళని, ఆర్కెస్ట్రాని కాదు. మొదటి పోస్టులో ఆ ముక్క తప్పుగా రాశాను.

వయొలిన్ మాస్టారి కూతురు:
ఆ ప్రశ్నయితే నేనూ మీ పక్కనే. మర్నాడు నాలుగోదానికి వెళ్ళారా? అందులో రెండో భాగంలో మొదటి వయొలిన్ ఆయన శ్రుతి ఒక స్వరం పెంచిన ఇంకో వయొలిన్ పట్టుకుంటాడు. అది ఎలా పలికిందో చెప్పండి.

కాలవగట్టు:
వెళ్ళలేదండీ. టికెట్ ఉండింది. "నాలుగోది ఎప్పుడైనా మన ఊరి ఆర్కెస్ట్రా వాయిస్తే విందాంలే" అని ఆఫీసు కొలీగ్‌కి ఇచ్చేశాను.

పాత రికార్డుల పిచ్చోడు:
అయ్యో రామా. ఆ 1930ది నా దగ్గరుంది, కావాలంటే అడగండి.