రాయల నాటిక: పల్లకీ ఘట్టానికి వలంటీర్లు కావాలి

సాంస్కృతిక విభాగం: అందరికీ నమస్కారమండీ. నాటికలో ఒక మార్పు అడుగుతున్నాను. ఏటా రాయలవారిని సింహాసనం మీద కూర్చోబెట్టి, అష్టదిగ్గజాల చేత తలా ఓ పద్యం చదివించి తెర దించేస్తున్నాం. ఈసారి పల్లకీ ఘట్టం వేద్దాం. మనుచరిత్ర అందుకున్న వేళ పెద్దన ఎక్కిన పల్లకీకి రాయలే స్వయంగా చేయి వేశారట. రాయలు పోయాక పెద్దన చెప్పినట్టుగా మనకు మిగిలిన పద్యంలో ‘పల్లకి తన కేలఁ బట్టి యెత్తె’ అని ఉంది. గజపతుల్ని ఓడించిన చక్రవర్తి బోయీల పక్కన నిలబడి బొంగు పట్టుకోవడం మన పిల్లలు కళ్ళారా చూడాలి.

పోస్టర్ల టీమ్: అన్నా, బ్యానర్ రెడీ. కిరీటం పెట్టిన బొమ్మ, కింద ‘దేశభాషలందు తెలుగు లెస్స’, రాయలవారి పేరు.

సాంస్కృతిక విభాగం: తమ్ముడూ, బొమ్మ మార్చాలి. తిరుమల గుడిలో రాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాలున్నాయి కదా. తల మీద పొడవాటి కుళ్ళాయి, జోడించిన చేతులు. అలా గీయించు. ఆ మాట కూడా ఆముక్తమాల్యదలో ఆంధ్రమహావిష్ణువు కలలో కనబడి రాయలతో అన్నది, తెలుగులో కావ్యం రాయమని. అందుకని కింద ‘ఆముక్తమాల్యద’ అని వెయ్యి. ఆ స్వామి ఉన్న శ్రీకాకుళం కృష్ణా తీరంలోదని యాంకర్‌కి ముందే చెప్పండి, ఉత్తరాంధ్ర ఊరనుకుంటారు.

తెలుగు బడి: కన్నడ సంఘం వాళ్ళనీ పిలుద్దామా అండీ? రాయల పేరుతో అనంతపురంలోనూ బళ్ళారిలోనూ విశ్వవిద్యాలయాలున్నాయి. 2010లో పట్టాభిషేకం 500 ఏళ్ళ పండుగ హంపిలో ఘనంగా చేశారు.

సాంస్కృతిక విభాగం: తప్పకుండా అక్కా. రాయలు పోయిన రోజు 1529 అక్టోబరు 17 అని చెప్పే శాసనం 2021లో దొరికింది కూడా తుమకూరు దగ్గరే, కన్నడంలోనే. హాలు ఆ వారాంతానికే చూడండి. స్వాగతం రెండు భాషల్లో చెబుదాం. ఆయన మావాడంటే మావాడనే వాదన మాత్రం వేదిక మీద వద్దు.

స్టేజి టీమ్: పల్లకీ మేం కడతాం. మోయడానికి ఎంతమంది కావాలి?

సాంస్కృతిక విభాగం: ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. ముందువైపు బొంగు ఒక మూర పొడవు ఎక్కువ పెట్టండి, రాయలు చేయి వేయడానికి చోటుండాలి.