ఈ వారం సమస్య: పండ్లు దినినవాఁడె బరువు పెరిగె

మోడరేటర్:
నిన్న పొద్దున తిరుపతి గాంధీ రోడ్డులో జ్యూస్ బండి దగ్గర నిలబడి ఉన్నాను. పక్కనాయన ఫోనులో ఎవరికో చెప్తున్నాడు: "ఇరవై రోజులుగా పండ్లు తప్ప ఏమీ ముట్టలేదు రా. అయినా రెండు కిలోలు పెరిగినాను." గొంతులో నిజంగా బాధ ఉంది. చేతిలో పెద్ద గ్లాసు సపోటా జ్యూస్, పైన ఐస్‌క్రీమ్ ముద్ద. ఇల్లు చేరేలోపు పాదం కుదిరింది.

పండ్లు దినినవాఁడె బరువు పెరిగె

దీన్ని నాలుగో పాదంగా ఉంచి, పైన మూడు పాదాలు మీరు అల్లి ఆటవెలది పద్యం పూర్తి చేయాలి. సోమవారం రాత్రి దాకా పూరణలు పెట్టండి. 'పండ్లు' అంటే దంతాలన్న అర్థం తీసుకోవచ్చా అని ఇప్పటికే ఇద్దరు అడిగారు. దంతాలతో తింటాం, దంతాల్ని తినం. ఆ దారి వద్దు.

మామిడితోట (దామలచెరువు):
మొదటి పూరణ నాదే కావాలని టీ కూడా తాగకుండా కూర్చున్నాను.

పీచు పారబోసి పిండిన రసమందు
పంచదార గలిపి పదిలమనుచు
డైటు డైటటంచు డాబులు గొట్టిన
పండ్లు దినినవాఁడె బరువు పెరిగె.

మాది మామిడి మండీల ఊరు. తోతాపురి ఫ్యాక్టరీకి పోయి గుజ్జయ్యేటప్పుడు తొక్కా, పీచూ ఎంత బయట పడతాయో రోజూ చూసేవాణ్ణి. అందుకే పీచుతో ఎత్తుకున్నాను.

పాకాల మాస్టారు:
గణాలు, అంటే గురులఘువుల గుంపులు, సరిపోయాయి; పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాల్సిన యతులూ సరిపోయాయి. డై–డా యతి హాయిగా ఉంది. కానీ నాయనా, అసలు దగ్గర జారావు. రసం పిండి చక్కెర కలిపినవాడు దాన్ని తాగుతాడు. సమస్యలో ఉన్న క్రియ 'తిను'. నీ పద్యంలో తాగడం అనే మాట లేదు, తినడానికి పండు మిగల్లేదు. మొదటి రెండు పాదాలు ఒక మనిషివి, నాలుగో పాదం ఇంకొక మనిషిది.

రాత్రి డ్యూటీ (తిరుపతి):
మాస్టారు వ్యాకరణం కోసం పట్టుకున్నారు గానీ, నేను ఆసుపత్రిలో రోగులకు పథ్యం రాసేదాన్ని. నా పనిలో కూడా ఈ తేడా చాలా పెద్దది. చీనీకాయ (బత్తాయి) వలిచి, తొనలు విడదీసి, గింజలు ఊస్తూ తినండి. పది నిమిషాలు పడుతుంది. రెండు తినేసరికి ఇంక చాలనిపిస్తుంది. అదే గ్లాసు రసానికి మూడు నాలుగు కాయలు పిండుతారు, అర నిమిషంలో గొంతు దిగుతుంది. పీచు పోయింది, నమలడం పోయింది, తీపి మొత్తం మిగిలింది. దాని మీద చెంచా చక్కెర వేస్తే ఇరవై క్యాలరీలు దాకా అదనం, బండి మీద ఒక్క చెంచాతో ఎవరూ ఆపరు. మోడరేటర్ గారు చూసినాయన అబద్ధం చెప్పలేదు. పండ్లే తీసుకున్నాడు, తినలేదు, అంతే.

మామిడితోట:
ఒప్పుకుంటున్నాను మాస్టారూ. మొదటి రెండు పాదాలు మార్చాను.

ముక్క కోసి తేనె ముంచి పైఁ గ్రీముతోఁ
బంచదార చల్లి పళ్ళెమెత్తి
డైటు డైటటంచు డాబులు గొట్టిన
పండ్లు దినినవాఁడె బరువు పెరిగె.

ఇప్పుడు తిన్నాడు.

చంద్రగిరి కోట:
మార్చింది బాగుంది తమ్ముడూ. 'పళ్ళెమెత్తి' దగ్గర మనిషి కళ్ళకు కనబడుతున్నాడు. క్రియ విషయంలో మాస్టారు ఇంత గట్టిగా నిలబడడం నాకు సంతోషం. ఇదే గట్టితనం పోయిన నెల "ఉప్పు లేని పప్పె యొప్పు రుచికి" పూరించినప్పుడు కూడా ఉండాల్సింది. ఆయన మూడో పాదం నాకింకా నోటికుంది:

ఊరగాయ ముక్క యొక్కటి నంజిన
ఉప్పు లేని పప్పె యొప్పు రుచికి.

ఊరగాయ తెచ్చి ఉప్పు లోటు తీర్చడం మంచి ఊహ, అప్పుడే మెచ్చుకున్నాను. కానీ 'నంజిన' ఇక్కడ చేదర్థకం ('నంజుకుంటే' అని అర్థం), చివర నకారం దాగిన ద్రుతాంతం. పక్కన 'ఉప్పు' వస్తే 'నుప్పు' అయి తీరాలి. సంధి చేయకుండా వదిలేసిన ఆ విసంధి మీద ఆ రోజు ఎవరూ నోరు విప్పలేదు. వేరే ఎవరైనా అలా రాసి ఉంటే మాస్టారే మొదట పట్టుకునేవారు.

పాకాల మాస్టారు:
పాదం చివర ఆగి చదివాను కాబట్టి అలా రాశాను. ఆ సంగతి ఆ చర్చా దారంలోనే చెప్పి ఉండొచ్చు. ఈ వారం పండ్ల మాట మాట్లాడండి, మీ పూరణ ఇంకా రాలేదు.

కుప్పం కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఇది నా మూడో పూరణ. తప్పులుంటే చెప్పండి.

జ్వరము తగ్గి లేచి సన్నని పిల్లాడు
చక్కెరకేళి దినుచు సత్తువొంది
తల్లి పెట్టినట్టి దానిమ్మ జామయౌ
పండ్లు దినినవాఁడె బరువు పెరిగె.

మోడరేటర్:
పాదం ఇచ్చినవాణ్ణి నేనే అయినా ఈ కోణం నాకు తట్టలేదు. బరువు పెరగడం అనగానే మనమంతా తప్పు చేసినవాడి కోసం వెతికాం. నువ్వు పెరగాల్సిన పిల్లాణ్ణి తెచ్చి కూర్చోబెట్టావు. జ్వరం వచ్చి లేచిన ఇంట్లో బరువు పెరగడమే పండగ.

పాకాల మాస్టారు:
ఊహ నిండు మార్కులది. 'పిల్లాడు' వ్యావహారికం, వదిలేస్తున్నాను. రెండో పాదం వదలలేను. చక్కె, తర్వాత 'రకేళి'. అది జగణం, లఘువు–గురువు–లఘువు. ఈ పాదంలో ఐదూ సూర్యగణాలే (మూడు లఘువులో, గురువు–లఘువో) ఉండాలి, వాటి మధ్య జగణం ఎక్కడిది బాబూ? పాదాన్ని వేలు మడిచి లెక్కపెట్టి ఉంటే అక్కడే ఆగేవాడివి.

మామిడితోట:
"అరటిపండు నమిలి యాకలెఱిగి" అంటే సరిపోతుంది కదా? మూడు, రెండు, మూడు, రెండు, మూడు అక్షరాలు. అ–ఆ యతి.

పాకాల మాస్టారు:
పాదంగా సరి. పద్యంలో అతకదు. పై పాదం 'పిల్లాడు' అని ఉకారంతో ముగిసింది. ఉత్తుకు అచ్చు తగిలితే సంధి నిత్యం, 'పిల్లాడరటి' అయిపోతుంది. పై పాదం చివరి గణం కూలుతుంది. హల్లుతో మొదలయ్యే పండు వెతకండి. (చంద్రగిరి వారూ, నాకు పాదాంత సంధి తెలుసు.)

చంద్రగిరి కోట:
తెలుసని నాకూ తెలుసు మాస్టారూ, అందుకే అప్పుడు బాధేసింది. కుర్రాడికి నా వంతు:

చీనిపండు వలిచి చేవ గలిగి

గణం కోసం మాత్రమే చెప్పడం లేదు. చక్కెరకేళి గోదావరి పండు. కుప్పంలో జ్వరం పడి లేచిన పిల్లాడి మంచం పక్కన ఉండేది చీనీకాయే. మా అమ్మ తొన మీది పొర కూడా తీసి, గింజ తీసి, నోట్లో పెట్టేది. పద్యంలో పండు పెట్టేటప్పుడు అది ఏ ఊరి మంచం పక్కన ఉందో కూడా చూసుకోవాలి.

కుప్పం కుర్రాడు:
చీనీపండే పెట్టుకుంటాను అన్నా. మా ఇంట్లో కూడా అదే. చక్కెరకేళి పుస్తకంలో చదివి పెట్టాను.

రాత్రి డ్యూటీ:
నేను పద్యం రాసి ఏడాది దాటింది. ఈ పాదం మాత్రం వదలబుద్ధి కాలేదు.

పప్పు పెరుగు మాని పదునైదు దినములు
కండ కరగి యొళ్ళు కట్టెయయ్యె
తిరిగి యన్నమంటఁ దీరని యాకలి
పండ్లు దినినవాఁడె బరువు పెరిగె.

ఇది మా ఇంట్లో జరిగిందే. మా చెల్లెలు పెళ్ళి చూపులకు ముందు పదిహేను రోజులు పండ్లూ పచ్చి కూరలూ తప్ప ఏమీ తినలేదు. పొద్దున బొప్పాయి, మధ్యాహ్నం కీరా టమాటా, రాత్రి పుచ్చకాయ. కాటా నాలుగు కిలోలు తగ్గించి చూపించింది. ఇల్లంతా సంబరపడింది. ఆ సంబరంలోనే అలిపిరి మెట్లు ఎక్కుదామని బయల్దేరాం. 3550 మెట్లు ఏటా ఎక్కే పిల్ల, మోకాళ్ళ పర్వతం దగ్గర గోడ పట్టుకుని కూలబడింది. చేతులు మంచులా ఉన్నాయి. పక్కన ఎవరో పెద్దావిడ తన మూటలోంచి పెరుగన్నం పొట్లం విప్పి ముద్దలు పెట్టింది. ఆ ముద్దలు అది తిన్న తీరు నేను మరచిపోలేను.

మొదటి వారంలో కాటా చూపించే తగ్గుదలలో చాలా భాగం నీళ్ళు. కాలేయంలో, కండరాల్లో నిలవ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం తనతో పాటు నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గితే ముందు అది ఖర్చవుతుంది, నీరు దిగిపోతుంది. అన్నం మళ్ళీ మొదలుపెట్టగానే ఆ నీరు తిరిగొస్తుంది. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 క్యాలరీలు లోటు పడాలి, పదిహేను రోజుల్లో నాలుగు కిలోలూ కొవ్వే కరిగి పోవడం కష్టం.

కండ సంగతి ఇంకా బాధాకరం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. వంద గ్రాముల మామిడిపండులో ఒక గ్రాము ఉండదు, టమాటా కూడా అంతే. వంద గ్రాముల కందిపప్పులో ఇరవైకి పైనే ఉంటుంది. పప్పు, పెరుగు, గుడ్డు అన్నీ ఆపేసి పండ్ల మీద ఉంటే ఒళ్ళు తన కండనే కరిగించుకుంటుంది. బి12 పండ్లలో, కూరల్లో దొరకనే దొరకదు. పండ్లూ కూరలూ కలిపి రోజుకు 400 గ్రాములకు తగ్గకుండా తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అది అన్నం, పప్పు పక్కన తినమని. అవే భోజనం అని కాదు. షుగర్ మందులు వాడేవాళ్ళూ కిడ్నీ జబ్బున్నవాళ్ళూ ఇలాంటిది డాక్టరును అడక్కుండా అసలు మొదలుపెట్టకూడదు.

పాకాల మాస్టారు:
అమ్మా, చదివి కాసేపు ఆగాను. మొదటి పాదం 'పప్పు పెరుగు మాని' అని ఎత్తుకోవడంలోనే జబ్బు పేరు చెప్పేశారు. రెండో పాదంలో కం–క యతి ఎక్కడా అతికించినట్టు లేదు. మూడో పాదం చివర మాత్రం అతుకు విడిపోయింది. 'తీరని యాకలి' అని వదిలేశారు, దానికి క్రియ లేదు, నాలుగో పాదంతో సంబంధం లేదు. ఇలా చూడండి:

తిరిగి యన్న మింతఁ దినఁగానె మునుపెల్ల
పండ్లు దినినవాఁడె బరువు పెరిగె.

'మునుపెల్ల' వల్ల పండ్లు తిన్నది అప్పుడు, బరువు పెరిగింది ఇప్పుడు అని తేలుతుంది. ఆకలి చెప్పకపోయినా 'తినఁగానె'లో ఉంది.

రాత్రి డ్యూటీ:
తీసుకున్నాను మాస్టారూ. 'తీరని యాకలి' వదులుకోవడానికి మనసు రావడం లేదు, ఆ మెట్ల మీద చూసింది అదే. కానీ పద్యానికి మీదే సరి.

చంద్రగిరి కోట:
ఈ అతుకు మాస్టారు తప్ప ఇంకొకరు వేయలేరు. మనస్ఫూర్తిగా అంటున్నాను. ఇక నాది. క్రమాలంకారం, అంటే అడిగిన వరసలోనే జవాబులు.

సన్నమయ్యె నెవఁడు సంగటితోఁ గూడ?
సాటివాఁడు వడల చవులు మరగి
యేమి యయ్యె? రెంటి కిదియె యుత్తరమగు:
పండ్లు దినినవాఁడె, బరువు పెరిగె.

మామిడితోట:
కోటన్నా! పాదం మధ్యలో గీత గీసి రెండు జవాబులు చేశావు. మొన్నటి నుంచీ 'పండ్లు తింటే బరువెందుకు పెరుగుతుంది' అని తల పట్టుకున్నాం, నువ్వు పండ్లు తిన్నవాణ్ణి సన్నగా పక్కన నిలబెట్టేశావు.

పాకాల మాస్టారు:
క్రమాలంకారం చంద్రగిరి వారికి అలవాటైన ఆయుధం. నాలుగు సమస్యలిస్తే మూడింటికి అదే తీస్తారు, అందుకే నేను వెంటనే చప్పట్లు కొట్టను. కానీ ఇందులో నన్ను పట్టుకున్నది ప్రశ్నోత్తరం కాదు, 'సంగటితోఁ గూడ'. ఆ ఒక్క మాట లేకపోతే పద్యం ఒట్టి పండ్లు తిని సన్నబడమని చెప్పేది, పైన రాత్రి డ్యూటీ తల్లి రాసిందంతా వృథా అయ్యేది. రాగిసంగటి, పక్కన పితికపప్పు కూర, భోజనమయ్యాక ఒక జామపండు. మా నాన్న డెబ్బై ఏళ్ళు దాటాక కూడా అలాగే తిని పొలానికి నడిచిపోయేవాడు. 'వడల చవులు మరగి'లో సా–చ యతి మంచి పట్టు.

చంద్రగిరి కోట:
'సంగటితోఁ గూడ' ముందు లేదు మాస్టారూ. 'సంతలోని జనులు' అని ఏదో రాసుకున్నాను. రాత్రి డ్యూటీ అక్క పోస్టు చదివి మార్చాను.

కుప్పం కుర్రాడు:
మాస్టారూ, ఒక ప్రశ్న. 'సంగటితోఁ గూడ' అని చివర పెట్టినప్పుడు 'కూడ' ద్రుతాంతం కదా, తర్వాత పాదం 'సా'తో మొదలైంది కాబట్టి మార్పు లేదు. అదే 'క'తో మొదలైతే 'గ' కావాలి, అంతేనా?

పాకాల మాస్టారు:
అంతే. మూడో పూరణకే ఈ ప్రశ్న అడిగావంటే రెండో పాదంలో జగణం పెట్టినందుకు నిన్ను క్షమించాను. ఇదే అదనుగా నాదొక లెక్క కూడా తీర్చుకుంటాను. పోయిన నెల పద్యం నా నోటు పుస్తకంలో ఇప్పుడే దిద్దాను:

ఊరగాయ ముక్క యొక్కటి నంజిన
నుప్పు లేని పప్పె యొప్పు రుచికి.

మోడరేటర్ గారూ, పాత దారంలో కూడా మార్చగలరా?

మోడరేటర్:
మార్చాను మాస్టారూ. ఈ దారం సోమవారం రాత్రి పదింటి దాకా తెరిచే ఉంటుంది. దంతాల అర్థంతో ఇప్పుడే ఇంకొకాయన పూరణ పంపారు, అది మాత్రం పెట్టడం లేదు.