అప్‌డేట్: ఏసీలో గోరువెచ్చటి గాలి, గ్యాస్ తప్పు కాదు

నెల్లూరు ఎండలో కారు ఏసీ వేస్తే గోరువెచ్చటి గాలే వస్తోంది, గ్యాస్ నింపించాలా అని అడిగాను కదా. నింపించలేదు, డబ్బులు మిగిలాయి.

బానెట్ ఎత్తి చూస్తే ఏసీ లావు పైపు చల్లగా, చెమట పట్టి ఉంది. అంటే గ్యాస్, కంప్రెసర్ పనిచేస్తున్నట్టే. కానీ చల్లదనం, వేడి మార్చే నాబ్ పూర్తిగా నీలం వైపు తిప్పినా వెంట్‌లో థర్మామీటర్ 21 డిగ్రీల కిందికి దిగలేదు. మీలో ఒకన్న చెప్పినట్టు, ఇంజన్ చల్లారాక ఇంజన్ వేడి కూలెంట్‌ను హీటర్‌లోకి తీసుకెళ్లే రబ్బరు గొట్టాన్ని, గొట్టాలు నొక్కి మూసే క్లాంప్‌తో నొక్కిపట్టి స్టార్ట్ చేశాను. (ప్లయర్‌తో నొక్కొద్దు, పాత గొట్టం చీలుతుంది.) పది నిమిషాల్లో 9కి వచ్చింది. చల్లగాలిలో హీటర్ వేడి కలుస్తోందని తేలిపోయింది.

డ్యాష్‌బోర్డు కింద చూస్తే, నాబ్ తిప్పినా హీటర్ డోర్ (చల్లగాలిలో వేడిగాలి ఎంత కలవాలో మార్చే తలుపు) మీట కదలట్లేదు. నాబ్ నుంచి మీటకు వచ్చే కేబుల్ తొడుగును పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్ విరిగి, డోర్ సగంలో ఆగిపోయింది. నాబ్‌ను నీలం చివర ఉంచి, మీటను చల్లటి వైపు పూర్తిగా నెట్టి, తొడుగును కొత్త క్లిప్‌తో బిగించాను. ఒకసారి ఎరుపుకు తిప్పి మళ్లీ నీలానికి తెచ్చి చూడాలి. మీట చివరిదాకా రాకపోతే తొడుగును కాస్త జరపాలి.

గొట్టం క్లాంప్ తీసేశాక కావలి దాకా హైవే మీద 8, 10 మధ్యే ఉంది. డోర్‌కు మోటారు ఉన్న బండ్లలో ఈ కేబుల్ ఉండదు, అక్కడ ఆ మోటారునే (యాక్చుయేటర్) చూసుకోవాలి.