అప్‌డేట్: నిడదవోలు వెళ్లొచ్చాను

బెంగళూరు వచ్చాక, చూడ్డానికంటూ ఏమీ లేని మా నిడదవోలు మీద ఇంత బెంగ ఎందుకని ఇదివరకు అడిగాను. పండగలప్పుడు కాకుండా మామూలు రోజుల్లో వెళ్లి ఊరికే ఉండి రమ్మని ఒకరు చెప్పారు. మే నెలలో అలాగే వెళ్లాను.

కాలువ కట్టేశారు. వేసవిలో ఏటా మరమ్మతులకని నీళ్లు ఆపి, జూన్‌లో వదులుతారు. అడుగున నెర్రెలిచ్చిన బురద, రేవు మెట్ల మీద ఎండిన పాచి వాసన. అయినా పొద్దుపోయేదాకా గట్టు మీదే కూర్చున్నాను. మెయిన్ లైన్ నుంచి భీమవరం లైను చీలేది ఇక్కడే కాబట్టి, చాలామందికి మాది బండి మారే జంక్షన్, అంతే. 2022లో జిల్లా కూడా మారి తూర్పు గోదావరిలో కలిసింది. షాపుల బోర్డుల మీద అది చదివితే ఇప్పటికీ మనసుకి ఎలాగో ఉంటుంది.

టిఫిన్ హోటల్లో "ఎవరబ్బాయివి?" అని అడిగారు. నాన్న పేరు చెప్పగానే ఇంకో గరిటె చట్నీ వేశారు. నా బెంగంతా దీని గురించేనని అప్పుడు తెలిసింది.

ఉద్యోగం మానడం లేదు. ఇల్లు అమ్మే మాట మాత్రం ఆపించాను. ముందు వాటా అద్దెకిచ్చి, వెనక గది మాకు ఉంచుకుంటున్నాం. సలహా ఇచ్చినవారికి చాలా థాంక్స్ అండీ.