సర్కారు భూమిలో ఉన్న ఇండ్లు: ఉన్నచోటే పట్టానా, ఊరవతల ఇల్లా?

ప్రశ్న (ఉపాధ్యాయురాలు, మహబూబ్‌నగర్)

నేను పట్టణంలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. మా పిల్లల్లో చాలామంది ఇండ్లు సర్కారు భూమిలో ఉన్నాయి. ఆ కుటుంబాలు ఇరవై ఏండ్లకు పైగా అక్కడే ఉంటూ ఇంటి పన్ను, కరెంటు బిల్లు కడుతున్నా చేతిలో పట్టా లేదు. అది లేనందువల్ల ఇందిరమ్మ ఇండ్ల పథకంలో వచ్చే 5 లక్షల సాయానికి సొంత జాగా చూపలేకపోతున్నారు. వాళ్లను ఊరవతల కట్టే ఇండ్లకు తరలిస్తారన్న మాట ఈ మధ్య వినిపిస్తోంది. తల్లుల్లో ఎక్కువమంది దగ్గరి కాలనీల్లో ఇంటిపనులు చేసుకునేవాళ్లు కాబట్టి పని పోతుందని భయపడుతున్నారు. ఉన్నచోటే హక్కు కల్పించడం చట్టప్రకారం సాధ్యమేనా? సాధ్యమైతే ఎవరిని, ఏమని అడగాలి?

సమాధానం (రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యాను, నల్లగొండ)

టీచర్ గారూ, ఇంటి సంగతి కంటే ముందు ఆ భూమి రికార్డులో ఏమని ఉందో చూడాలి. అందరం సర్కారు భూమి అనే అంటాం గానీ, సేత్వార్‌లో (తొలి సర్వే నాటి భూమి రికార్డు), పాత పహాణీల్లో (ఏటా రాసే భూమి, పంట వివరాల రికార్డు) అది గైరాన్ (ఊరి పశువుల మేత భూమి) అని ఉందా, శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి) అని ఉందా, ఏదైనా శాఖకు కేటాయించారా, ఎప్పుడో ఎవరికో అసైన్ చేశారా (పేదలకు ఇచ్చారా) అన్నదాన్ని బట్టి జవాబు పూర్తిగా మారిపోతుంది. అభ్యంతరం లేని ప్రభుత్వ భూమి, అంటే చెరువు, నాలా వంటివి కానిది అయితే దారి ఉంది. 2014 డిసెంబర్ 30న వచ్చిన జీవో (ప్రభుత్వ ఉత్తర్వు) 58 ప్రకారం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబం ఇల్లు కట్టుకొని ఉంటున్న జాగాను 125 చదరపు గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరించవచ్చు. అంతకు మించిన జాగాకు జీవో 59 కింద రుసుము చెల్లించాలి. మొదట 2014 జూన్ 2 నాటికి ఉన్న ఇండ్లకే వర్తించిన ఈ అవకాశాన్ని 2023లో, 2020 జూన్ 2 నాటికి ఉన్నవాటికి కూడా పొడిగించారు. అయితే ప్రభుత్వం గడువు ప్రకటించినప్పుడే దరఖాస్తులు తీసుకున్నారు కాబట్టి, ఆ సమయంలో కాగితాలు చేతిలో లేని కుటుంబం వెనకబడిపోయింది.

చెరువు శిఖం సంగతి వేరు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలని 2012 భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. అలాంటి చోట పట్టా ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఆ తల్లిదండ్రులను ముందే హెచ్చరించండి.

సమాధానం (వలస కూలీలతో పనిచేస్తాను, దేవరకొండ)

పెద్దాయన చెప్పిన చట్టం సరైనదే. నా బాధ ఆధారాల దగ్గర మొదలవుతుంది. దసరా వెళ్లగానే ఇంటికి తాళం వేసి ముంబైకో, పుణెకో, హైదరాబాద్‌లో భవనాల పనికో పోయే కుటుంబం మన రెండు జిల్లాల్లోనూ ఉంది. సర్వే వాళ్లు వచ్చిన రోజున తాళం కనిపిస్తే అక్కడ ఎవరూ ఉండటం లేదని రాసుకుపోతారు, నివాసానికి రుజువు లేదన్న మాట ఆ ఇంటికి ఏండ్ల తరబడి అంటుకుంటుంది. కూలి కోసం ఊరు విడిచిన పాపానికి ఇంటి హక్కు పోవడం కంటే అన్యాయం నాకు తోచదు. పిల్లల బడి రిజిస్టరు, రేషన్ కార్డు, ఓటరు జాబితా, టీకాల కార్డు కూడా రుజువుగా తీసుకోవాలని మీరు రాతపూర్వకంగా అడగాలి. బడి రిజిస్టరు మీ చేతిలోనే ఉంది టీచర్ గారూ, అది చిన్న విషయం కాదు.

తరలింపు గురించి మరో మాట. జీవనోపాధి కూడా రాజ్యాంగంలోని 21వ అధికరణ కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1985లోనే, బొంబాయి ఫుట్‌పాత్ నివాసుల కేసులో చెప్పింది. ఫుట్‌పాత్ మీద ఉండే హక్కును మాత్రం ఆ తీర్పు ఇవ్వలేదు. నోటీసు ఇచ్చి, వాళ్ల మాట విన్న తర్వాతే ఖాళీ చేయించాలన్నది. పొద్దున్నే కూలీల అడ్డాకు నడిచి చేరుకోగలిగిన మనిషి ఊరవతలికి పోతే రోజు కూలిలో కొంత ఆటోకే పోతుంది, ఆలస్యమైతే ఆ రోజు పనే దొరకదు. ఇక ఆ బస్తీలో కిరాయికి ఉండేవాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ కనిపించవు, వాళ్లను కూడా లెక్కలో చేర్చమని అడగండి.

సమాధానం (పట్టణ ప్రణాళిక చదివాను, నల్లగొండ)

పట్టా ఇవ్వడంతో సమస్య తీరిపోతుందని నేను అనుకోను. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం బదిలీని నిషేధించినా, కష్టకాలంలో పేదలు సాదా కాగితం మీద తక్కువ ధరకు అమ్ముకోవడం ఆగలేదు. కొన్నవాళ్లకు రిజిస్ట్రేషన్ కాలేదు, అమ్మినవాళ్లకు సరైన ధర రాలేదు. 2017లో ఒడిశా తెచ్చిన మురికివాడల భూమి హక్కుల చట్టం వారసత్వానికీ, బ్యాంకు తాకట్టుకూ వీలు కల్పిస్తూ, అమ్మకాన్ని మాత్రం ఆపింది. తాకట్టుకు వీలుంటే ఆసుపత్రి ఖర్చుకో, పిల్లల చదువుకో అప్పు దొరుకుతుంది, ఇల్లు చేజారదు. మన దగ్గరా ఆ పద్ధతి కావాలి.

కొత్త లేఅవుట్లలో పేదలకు జాగా విడిచిపెట్టకపోతే ఎన్ని జీవోలు వచ్చినా చాలవు. 2005లో మొదలైన జవాహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ మిషన్, గృహ నిర్మాణ ప్రాజెక్టుల్లో అభివృద్ధి చేసిన భూమిలో కనీసం 20 నుంచి 25 శాతం తక్కువ ఆదాయ వర్గాలకు కేటాయించాలని సంస్కరణల్లో చేర్చింది. పట్టణం నలువైపులా వెంచర్లు వెలుస్తుంటే, అందులో పనిచేసే తాపీ మేస్త్రీకి, కూలికి జాగా లేకపోవడం ప్రణాళికా లోపమే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా బస్తీలో ఒక వరుస ఇండ్లు చెరువు అలుగు నీళ్లు పోయే నాలా ఒడ్డునే ఉన్నాయి, వానకాలంలో లోపలికి నీళ్లు వస్తాయి. మిగిలినవి మిట్ట మీద ఉన్నాయి. అందరికీ కలిపి ఒకే అర్జీ పెట్టవచ్చా?

సమాధానం (రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యాను, నల్లగొండ)

ఒకే అర్జీ పెడితే నాలా పక్కనున్న అభ్యంతరం మిట్ట మీది ఇండ్లకు కూడా అంటుకుంటుంది. కాబట్టి రెండు అర్జీలు పెట్టండి. మిట్ట వరుసకు సర్వే చేసి పట్టా ఇవ్వాలని అడగండి. నాలా వరుసకు వానల కంటే ముందే, పనిచేసే చోటికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఇండ్లు అడగండి. కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, రోడ్లు, రైలు పట్టాల పక్కన, నీటి వనరుల్లో ఉన్న కట్టడాలను అందులోంచి మినహాయించింది. నాలా వరుస వాళ్లు ఆ తీర్పును నమ్ముకొని కూర్చోకూడదు. వాళ్లకు నోటీసు అడగాల్సింది 1905 నాటి భూ ఆక్రమణల చట్టం 7వ సెక్షన్ కింద. సర్వే నంబరు, స్కెచ్ కాపీ సమాచార హక్కు చట్టం ద్వారా ముందే తెప్పించుకొని, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో రెండు అర్జీలూ ఇచ్చి, రెండింటికీ విడివిడిగా రసీదు తీసుకోండి.