రాయగడలో ఇంట్లోనే రికార్డింగ్ గది: బయటి చప్పుడు ఆపేదెలా?

ప్రశ్న (రాయగడ నుంచి)

అందరికీ నమస్కారం. మాది రాయగడ. ఇక్కడ మన పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చాలామందికి చదవడం రాదు. వాళ్ళు వినడానికైనా ఉండాలని తెలుగు కథలు, శతక పద్యాలు నా గొంతుతో రికార్డు చేయడం మొదలుపెట్టాను. ఫోన్‌లో చేస్తే గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటోంది. దానికి తోడు గూడ్సు బండి, వీధిలో ఆటోలు, పక్కింటి మిక్సీ అన్నీ పడుతున్నాయి.

మేడ మీద ఒక గది ఖాళీగా ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ పదేసి అడుగులు. స్లాబు ఇల్లు, తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. రోడ్డు వైపు ఒక కిటికీ, మెట్ల వైపు ఒక తలుపు. గోడల నిండా నల్ల ఫోమ్ అంటించమని ఒకరు, గుడ్ల అట్టలు చాలని ఇంకొకరు అంటున్నారు. మైకుతో కలిపి పాతిక వేలు దాటకూడదు. ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

జవాబు (బరంపురం నుంచి)

అక్కా, ముందు ఫోమ్ కొనకండి. గుడ్ల అట్టలు అసలే వద్దు. అవి బయటి చప్పుడును ఆపవు, నిప్పు తగిలితే మాత్రం ఇట్టే అంటుకుంటాయి.

మీకున్నవి రెండు సమస్యలు. బయటి చప్పుడు లోపలికి రావడం ఒకటి. మీ గొంతు గోడలకు కొట్టుకుని తిరిగి మైకులో పడటం రెండోది. మొదటిదానికి బరువు కావాలి, సందులు మూయాలి. రెండోదానికి మందంగా, మెత్తగా ఉండేది కావాలి. ఫోమ్ ఈ రెండో పని మాత్రమే చేస్తుంది, అది కూడా అంగుళం మందం ఉంటే సగమే చేస్తుంది. అందుకే ఫోమ్ అంటించిన చాలా గదుల్లో గొంతు మూగగా వినిపిస్తుంది, ఆటో హారన్ మాత్రం ఎప్పటిలాగే వస్తుంది.

మీ గోడల గురించి బెంగ వద్దు. రెండు వైపులా ప్లాస్టరింగ్ ఉన్న తొమ్మిదంగుళాల ఇటుక గోడ దాదాపు 50 డెసిబెల్స్ (శబ్దం తీవ్రతకు కొలత) ఆపుతుంది. డబ్బు పోసినా అంతకంటే మంచి గోడ ఇంట్లో కట్టుకోవడం కష్టం. చప్పుడు వచ్చేది కిటికీ నుంచి, తలుపు నుంచి. గోడ ఎంత గట్టిదైనా, అందులో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే మొత్తం మీద 20 డెసిబెల్స్ మించి ఆగదు. మూడడుగుల తలుపు కింద అరంగుళం సందు ఉందంటే ఆ తలుపు టేకుదైనా ఒకటే, అట్టముక్కైనా ఒకటే. రాత్రి పూట మెట్ల దగ్గర లైటు వేసి, గదిలో చీకటి చేసి తలుపు మూయండి. వెలుగు కనిపించిన ప్రతి చోటా చప్పుడు వస్తున్నట్టే.

తలుపు చుట్టూ రబ్బరు బీడింగ్ వేయించండి. కిందికి రబ్బరు పట్టీ ఉన్న డోర్ సీల్ బిగించండి. లోపల డొల్లగా ఉండే తలుపైతే దాని మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఒకటి స్క్రూలతో బిగిస్తే బరువు పెరుగుతుంది. బందులు ఆ బరువు మోయగలవో లేదో మీ వడ్రంగిని ఒకసారి చూడమనండి.

కిటికీకి ఉన్న అద్దాల రెక్కలు అలాగే ఉంచి, లోపలి వైపు ఒక చెక్క మూత చేయించండి. ఫ్రేములో సరిగ్గా కూర్చునే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, అంచుల చుట్టూ మెత్తటి రబ్బరు, పట్టుకోవడానికి రెండు పిడులు. అద్దానికీ చెక్కకీ మధ్య ఎంత ఎక్కువ ఖాళీ ఉంటే అంత మంచిది, నాలుగంగుళాలు దొరికితే బాగా పని చేస్తుంది. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న కిటికీ అయితే ఆ మూత పన్నెండు కిలోల దాకా తూగుతుంది. రోజూ తీసి పెట్టడం మీకు కష్టం. బందులు పెట్టించి తలుపులా తెరుచుకునేట్టు చేయించండి.

గూడ్సు బండి సంగతి వేరు. రాయపూర్ లైను, కోరాపుట్ లైను రెండూ మీ స్టేషన్‌లోకే వస్తాయి. ఆ చప్పుడులో సగం గాలిలో కాదు, నేలలోంచి, గోడల్లోంచి వస్తుంది. దాన్ని ఆపాలంటే గదిలో ఇంకో గది కట్టాలి, అది మీ బడ్జెట్ పని కాదు. బండి వస్తే చదవడం ఆపి, వెళ్ళాక ఆ వాక్యం మొదటి నుంచి చదవండి. మైకు స్టాండు కింద బొంత మడత పెట్టండి. ఎడిటింగ్‌లో 80 హెర్ట్జ్ (సెకనుకు 80 కంపనాలు) కింద ఉన్న లోతు శబ్దాలను కోసేయండి. ఆడవాళ్ళ గొంతు మామూలుగా 165 హెర్ట్జ్ పైన ఉంటుంది కాబట్టి మీ గొంతుకు ఏమీ కాదు.

జవాబు (జయపురం నుంచి)

బరంపురం అన్న చెప్పింది నిజం. బావిలోంచి వచ్చినట్టుందన్నారు కదా, దాని గురించి నేను చెబుతాను.

పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానమైన గది గొంతుకు చాలా చెడ్డది. పదడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య 56 హెర్ట్జ్, దాని రెట్లు 112, 169, 225 దగ్గర శబ్దం ఊగి నిలిచిపోతుంది. మూడు దిక్కులా అవే అంకెలు పడటంతో ఆ స్వరాలు మూడింతలు పేరుకుంటాయి. 169, 225 రెండూ ఆడవాళ్ళ గొంతు ఉండే చోటే. గది సరిగ్గా మధ్యలో కూర్చోకండి, గోడకు ఆనుకుని కూడా కూర్చోకండి. ఒక గోడకు మూడున్నర అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, చదివి విని, కొంచెం జరిగి మళ్ళీ చదివి చూడండి.

ఇప్పుడు అందరూ తప్పు చోట పెట్టే వస్తువు గురించి. కార్డియాయిడ్ మైకు ముందు వైపు వింటుంది, వెనక వైపు పెద్దగా వినదు. మైకు మీ వైపు చూస్తోందంటే మీ వీపు వెనక ఉన్న గోడను కూడా చూస్తోంది. కాబట్టి మందమైన సరుకు ముందు మీ వీపు వెనక పెట్టాలి. తర్వాత రెండు పక్కలా, ఆ తర్వాత తల మీద. మైకు వెనక గోడకు ఆఖరున పెట్టినా చాలు.

దానికి నాలుగడుగులు పొడవు, రెండడుగులు వెడల్పు ఉన్న చెక్క ఫ్రేములు కావాలి. అందులో నాలుగంగుళాల రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పీచు), ఘనపు మీటరుకు 48 నుంచి 60 కిలోల సాంద్రత ఉన్నది నింపి, గాలి ఆడే గుడ్డ చుట్టాలి. గోనె గుడ్డ సరిగ్గా సరిపోతుంది. గోడకు అంటించకుండా నాలుగంగుళాలు ఎడంగా నిలబెడితే కింది స్వరాలు కూడా తగ్గుతాయి. రాక్‌వూల్ మన దగ్గర దొరకకపోతే విశాఖలో పరిశ్రమలకు ఇన్సులేషన్ సరుకు అమ్మే దుకాణాల్లో అడగండి. కోసేటప్పుడు మాస్కు, గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ నూగు ఒంటికి తగిలితే దురద, గొంతులోకి పోతే దగ్గు. పిల్లలు తిరిగే ఇంట్లో ముందు పల్చటి బట్ట చుట్టి, దాని మీద గోనె వేయండి.

అంత ఖర్చు వద్దనుకుంటే ఇంట్లో ఉన్న పాత దూది పరుపులు రెండు నిలబెట్టండి. దూది చాలా మంచి సరుకు. చూడటానికి బాగుండదేమో గానీ అంగుళం ఫోమ్ కంటే ఎంతో మేలు.

పర్లాకిమిడి నుంచి

మధ్యలో నా సందేహం కూడా. మాది రేకుల ఇల్లు. వానాకాలం రికార్డింగ్ అంటే టెన్షన్. రేకు కింద ఫోమ్ అంటిస్తే వాన చప్పుడు తగ్గుతుందా?

బరంపురం నుంచి

తగ్గదు తమ్ముడూ. చినుకు తగిలి రేకే మోగుతుంది. రేకు మీద బరువైనది ఏదైనా పరిస్తే కొంత తగ్గుతుంది, కింద రాక్‌వూల్ పరిచి రెండు పొరల జిప్సమ్ సీలింగ్ వేలాడదీస్తే ఇంకొంత. గట్టి వానకు ఏదీ చాలదు. ఇంట్లో స్లాబు వేసిన గది ఒక్కటున్నా, చిన్నదైనా, రికార్డింగ్ అందులోకి మార్చేయండి.

రాయగడ నుంచి

అన్నయ్యలిద్దరికీ చాలా థాంక్స్. ఇంకో మూడు సందేహాలు. ఇంత మూసేస్తే ఎండాకాలం ఎలా? ఏ మైకు కొనాలి? ల్యాప్‌టాప్ ఛార్జర్ పెడితే గుయ్యిమని శబ్దం వస్తోంది, ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. అదెందుకు?

జయపురం నుంచి

ఫ్యాను ఆపాల్సిందే అక్కా, వేరే దారి లేదు. ఇరవై నిమిషాలు చదివి, కిటికీ, తలుపు తెరిచి గది చల్లబడ్డాక మళ్ళీ కూర్చోండి. మూసిన గదిలో గాలి త్వరగా పాడవుతుంది, తల బరువెక్కుతుంది, గొంతులో కూడా అది తెలిసిపోతుంది. తెల్లవారుజామున చల్లగానూ ఉంటుంది, మిక్సీలూ మొదలు కావు.

మైకు విషయంలో, మీ గదికి డైనమిక్ (తీగచుట్టతో పనిచేసే) రకం కార్డియాయిడ్ మైకు తీసుకోండి. యూఎస్‌బీ ఉన్నది దొరికితే మైకును కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ పెట్టె విడిగా అక్కర్లేదు. డైనమిక్ మైకుకు బయటి చప్పుడు వినపడదని అంటారు గానీ అది పూర్తి నిజం కాదు. నోటికి దగ్గరగా పెట్టుకుంటాం కాబట్టి దూరపు చప్పుడు ఆ లెక్కన తగ్గుతుంది, అంతే. అడుగు దూరం నుంచి అరడుగుకు తెస్తే మీ గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మాత్రం అలాగే ఉంటుంది. పాప్ ఫిల్టర్ (మైకు ముందు పెట్టే పల్చటి తెర) పెట్టి, నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా ఉంచితే ప, బ, ఫ, భ అన్నప్పుడు గాలి దెబ్బ తగలదు. వానాకాలంలో మైకును సిలికా జెల్ సంచులు వేసిన మూత డబ్బాలో దాచండి.

ఆ గుయ్యిమనేది కరెంటుది. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని రెట్లు తీగల్లోంచి మైకులోకి వస్తాయి. చదివేటప్పుడు ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద చేయండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (కరెంటును నునుపుగా ఇవ్వని రకం) అయితే దాని మీద రికార్డు చేయకండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ గది ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూపించండి. ఎర్త్ పిన్ను తీసేస్తే శబ్దం పోతుందని ఎవరైనా చెబితే వినకండి, షాక్ కొట్టి ప్రాణం మీదికి వస్తుంది.

బరంపురం నుంచి

ఖర్చు వరుస చెబుతాను అక్కా. మొదట తలుపు, కిటికీ. రెండోది మైకు. మిగిలిన దాంతో ఫ్రేములు, అవి నెలకొకటి చేయించుకున్నా ఫర్వాలేదు.

ఏదైనా కొనక ముందు ఒక పరీక్ష చేయండి. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో ఇప్పుడున్న గదిని పది సెకన్లు మాట్లాడకుండా రికార్డు చేసి దాచండి. మైకు వచ్చాక చదివేటప్పుడు లెవెల్ ఎక్కువలో ఎక్కువ మైనస్ 12 డెసిబెల్స్ దాకా, మాట్లాడనప్పుడు మైనస్ 60 కింద ఉండేట్టు చూడండి. తలుపు పని అయ్యాక ఒకసారి, కిటికీ అయ్యాక ఒకసారి, గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే సెట్టింగ్) మార్చకుండా అదే పది సెకన్లు తీస్తే ఏ పనికి ఎంత తగ్గిందో మీకే కనిపిస్తుంది. ఆడాసిటీలో చప్పుడు తగ్గించే నాయిస్ రిడక్షన్‌ను 6 నుంచి 9 డెసిబెల్స్ మించి వాడకండి, గొంతు నీళ్ళలో మునిగినట్టు అయిపోతుంది.

కిటికీ ఫ్రేము లోపలి కొలతలు, తలుపు మందం ఇక్కడే రాయండి. వడ్రంగికి ఇవ్వడానికి కటింగ్ లిస్టు నేను రాసిస్తాను.